ల్యాండ్‌లైన్ తీసేసి ఇంటర్నెట్ ఫోను పెట్టుకునే ముందు

మా అమ్మగారి ఇంట్లోని ల్యాండ్‌లైన్ నంబరుకు దాదాపు నా వయసు ఉంటుంది. బంధువుల దగ్గరా, నాన్నగారి పాత స్నేహితుల దగ్గరా, అమ్మ చూపించుకునే వైద్యుల కాగితాల్లోనూ ఉన్నది ఆ నంబరే. నాన్నగారు పోయిన తరువాత ఆ లైను బిల్లు నేను కట్టడం మొదలుపెట్టాను. కొన్ని నెలలు గడిచేసరికి, కడుతున్న డబ్బుకూ ఆ ఫోను వాడుతున్న తీరుకూ ఏమాత్రం పొంతన లేదని అర్థమైంది. అద్దె పెరుగుతూనే ఉంది, వాన పడినప్పుడల్లా లైనులో గరగర వినిపిస్తోంది. ఇంట్లో ఎలాగూ ఇంటర్నెట్ కనెక్షన్ ఉంది కనుక ఫోనును కూడా దాని మీదికే మార్చాలని నిశ్చయించుకున్నాను. ఆ మార్పు పూర్తి కావడానికి నాలుగు నెలలు పట్టింది. అందులో సర్వీసు వెతకడానికి పట్టింది రెండు వారాలే. మిగిలిన కాలమంతా, పాత లైను ఎవరూ అడగకుండానే చేసిపెడుతున్న పనులేమిటో ఒక్కొక్కటిగా తెలుసుకోవడానికి సరిపోయింది. ఇదే పని తలపెట్టినవారికి ఉపయోగపడుతుందని ఆ వివరాలన్నీ ఇక్కడ రాస్తున్నాను.

మొదట నేను చేసిన పని, ఏ కంపెనీ పథకాన్నీ చూడకుండా, గత పన్నెండు నెలల బిల్లులను ముందు పెట్టుకుని కూర్చోవడం. ఆ ఫోనుకు వచ్చే కాల్స్ ఎక్కువ, అక్కడి నుంచి చేసేవి తక్కువ. చేసినవి కూడా నెలకు సగటున నూట నలభై నిమిషాలు దాటలేదు. వాటిలో సగానికి పైగా ఒక నిమిషంలోపు ముగిసినవే. విదేశాలకు చేసిన కాల్స్ ఏడాది మొత్తంలో ఆరు. ఈ లెక్క చేతిలోకి వచ్చిన తరువాత, అపరిమిత కాల్స్ ఇస్తామనే పథకాల ఆకర్షణ దానంతట అదే తగ్గిపోయింది. రోజూ గంటల తరబడి మాట్లాడే ఇంటికి అపరిమిత పథకం నిజంగానే చవక. వచ్చే కాల్స్ అందుకోవడమే ముఖ్యమైన ఇంటికి మాత్రం, నంబరుకు చిన్న నెలవారీ అద్దె కట్టి, చేసిన నిమిషాలకు విడిగా చెల్లించే పద్ధతే మేలు. చవక అన్న మాటకు అందరికీ ఒకే అర్థం ఉండదు. అది మన బిల్లుల్లోంచి తేలవలసిన సంగతి.

నిమిషాల లెక్కన చెల్లించే పథకాల్లో ధరతోపాటు తప్పక అడగవలసిన ప్రశ్న, కాల్ సమయాన్ని ఎంతకు ఎంత పూరించి లెక్కిస్తారు అన్నది. పూర్తి నిమిషాలకు పూరించే చోట 65 సెకన్ల కాల్‌కు రెండు నిమిషాల డబ్బు పడుతుంది. ఆరు సెకన్ల చొప్పున లెక్కించే చోట అదే కాల్ 66 సెకన్లుగా నమోదవుతుంది. మా ఇంట్లో లాగా చిన్న చిన్న కాల్స్ ఎక్కువగా ఉన్నచోట, నిమిషం ధర కాస్త ఎక్కువగా కనిపించిన సర్వీసే ఏడాది చివర తక్కువకు తేలవచ్చు. దీనికి తోడు పన్నులు, పాత నంబరునే కొత్త కంపెనీకి తీసుకువెళ్లే నంబరు మార్పిడి రుసుము, మామూలు ఫోనును ఇంటర్నెట్‌కు కలిపే అడాప్టరు ఖరీదు, ఒప్పందం మధ్యలో వదిలేస్తే కట్టవలసిన మొత్తం, తొలి ఏడాది రాయితీ ముగిశాక వర్తించే అసలు ధర, మొబైల్ నంబర్లకు చేస్తే పడే వేరే రేటు ఉంటాయి. వీటన్నింటినీ కలిపి రెండేళ్లకు ఎంతవుతుందో ఒక కాగితం మీద వేసుకోవాలని నా సలహా. ఒక్క నెల ధర పక్కపక్కన పెట్టి పోల్చినప్పుడు మొదటి స్థానంలో నిలిచిన సర్వీసు, రెండేళ్ల లెక్కలో నా జాబితాలో నాలుగో స్థానానికి దిగిపోయింది.

సర్వీసులు స్థూలంగా మూడు రకాలు. ఒకటి, ఇంటర్నెట్ ఇచ్చే కంపెనీయే తన రూటరులో ఫోను సాకెట్టు పెట్టి ఇచ్చేది. అందులో మనం చేయవలసినదేమీ ఉండదు, కానీ రేపు ఇంటర్నెట్ కంపెనీని మార్చాలనుకుంటే ఫోను సంగతి మళ్లీ మొదటికి వస్తుంది. రెండోది, ఒక చిన్న అడాప్టరు పంపి, దాన్ని ఏ ఇంటర్నెట్ కనెక్షనుకు తగిలించినా పనిచేసేలా చేసే ప్రత్యేక ఫోను కంపెనీ. వీటిలో కొన్ని అడాప్టర్లు ఆ కంపెనీకే తాళం వేసి ఉంటాయి, సర్వీసు మానేస్తే పెట్టె పనికిరాకుండా పోతుంది. మూడోది, కంపెనీ మనకు ఒక ఖాతా పేరు, పాస్‌వర్డు, సర్వరు చిరునామా మాత్రమే ఇచ్చి, పరికరాన్ని మననే కొనుక్కోమనేది. ఇంటర్నెట్ మీద కాల్స్ కలపడానికి వాడే సిప్ అనే ప్రమాణం 1999లో తొలిసారి వెలువడి, 2002లో ఇప్పటి రూపానికి వచ్చింది. ఆ ప్రమాణాన్ని పాటించే పరికరం ఏదైనా, దాన్ని పాటించే కంపెనీ ఏదైనా ఒకదానితో ఒకటి కలుస్తాయి. అమర్చుకునే ఓపిక ఉన్నవారికి అన్నింటికన్నా చవక ఈ మూడో దారే. నేను ఎంచుకున్నదీ అదే. మెసేజింగ్ యాప్‌ల ద్వారా ఉచితంగా మాట్లాడుకోవచ్చు కదా అని కొందరు మిత్రులు అన్నారు. అయితే ఆ యాప్ లేనివారు మామూలు ఫోను నుంచి మనల్ని పిలవలేరు కనుక అవి ల్యాండ్‌లైన్‌కు ప్రత్యామ్నాయం కావు. పైగా ఒక సర్వీసు ఎంత పేరున్నదైనా శాశ్వతం కాదు. 2003లో మొదలై లోకమంతా వ్యాపించిన స్కైప్ 2025 మే నెలలో మూతపడింది. అందుకే నంబరును మరో కంపెనీకి తీసుకువెళ్లే హక్కు మనకు ఉంటుందా లేదా అన్నది, ధర కన్నా ముందు అడగవలసిన ప్రశ్నగా పెట్టుకున్నాను.

ఇంటర్నెట్ వేగం సరిపోతుందా అన్న సందేహం చాలామందికి ఉంటుంది. నిజానికి ఫోనుకు కావలసిన వేగం చాలా తక్కువ. టెలిఫోను వ్యవస్థలో 1972 నుంచి ప్రమాణంగా ఉన్న జి.711 పద్ధతి, గొంతును సెకనుకు 8,000 సార్లు కొలిచి, ఒక్కో కొలతను 8 బిట్లలో రాస్తుంది. అంటే సెకనుకు 64 కిలోబిట్లు. ఆ ప్రవాహాన్ని సాధారణంగా 20 మిల్లీసెకన్ల ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కకు చిరునామా వగైరా వివరాల తలకట్టు తగిలించి పంపుతారు. సెకనుకు 50 ముక్కలు, ఒక్కోదానికి 40 బైట్ల తలకట్టు కనుక, దానికే మరో 16 కిలోబిట్లు అవుతాయి. మొత్తం 80, స్థానిక తీగల మీద మరికాస్త కలిపి 90 లోపు. గంటసేపు మాట్లాడితే ఒక్కో దిశలో దాదాపు 36 మెగాబైట్లు ఖర్చవుతాయి. డేటా పరిమితి ఉన్నవారికి ఈ లెక్క ఉపయోగపడుతుంది. జి.729 వంటి కుదింపు పద్ధతిలో గొంతు 8 కిలోబిట్లకు తగ్గుతుంది కానీ తలకట్టు తగ్గదు. కనుక ఎనిమిదింతలు ఆదా అవుతుందనుకున్నది మూడింతలకు కాస్త పైన ఆగిపోతుంది, గొంతు నాణ్యత మాత్రం తగ్గుతుంది. కనెక్షను మరీ బలహీనమైతే తప్ప, వయసు మళ్లి వినికిడి తగ్గినవారు వాడే ఫోనుకు కుదింపు పద్ధతిని ఎంచుకోవద్దని గట్టిగా చెబుతాను.

వేగం కన్నా ముఖ్యమైనది ఆలస్యం, అంతకన్నా ముఖ్యమైనది ఆ ఆలస్యం నిలకడగా ఉండడం. ఒకవైపు నుంచి మరోవైపుకు మాట చేరడానికి 150 మిల్లీసెకన్లు మించకపోతే సంభాషణ సహజంగా సాగుతుందని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ సిఫారసు. అది పెరిగేకొద్దీ ఇద్దరూ ఒకేసారి మాట్లాడడం, ఇద్దరూ ఒకేసారి ఆగిపోవడం మొదలవుతాయి. మా ఇంట్లో మొదటి రెండు వారాలు పగలంతా గొంతు స్పష్టంగా ఉండేది, సాయంత్రాలు మాత్రం మాటలు ముక్కలుముక్కలుగా తెగిపోయేవి. ఫోను కంపెనీదే లోపమని నేను నమ్మాను కూడా. తరువాత గమనిస్తే, సాయంత్రం ఇంటికి చేరిన మొబైల్ ఫోన్లన్నీ ఆ రోజు తీసిన ఫొటోలనూ వీడియోలనూ క్లౌడ్‌కు పంపడం మొదలుపెడుతున్నాయి. చాలా కనెక్షన్లలో పైకి పంపే వేగం దిగుమతి వేగం కన్నా బాగా తక్కువగా ఉంటుంది. ఆ సన్నని దారి నిండిపోయినప్పుడు రూటరు ముందు గొంతు ముక్కలు కూడా వరుసలో నిలబడవలసి వస్తుంది. రూటరు అమరికల్లో ఫోను అడాప్టరుకు ప్రాధాన్యం ఇచ్చి, మిగిలిన పరికరాలు పైకి పంపే వేగానికి అసలు సామర్థ్యం కన్నా కొంచెం తక్కువ హద్దు పెట్టాను. ఆ సాయంత్రం నుంచి మాటలు తెగలేదు. కనుక సర్వీసు కొనకముందే, ఒక పెద్ద ఫైలును పైకి పంపిస్తూ అదే సమయంలో ఆలస్యాన్ని కొలిచి చూడండి. ఏమీ నడవని వేళ వచ్చే మంచి అంకెలు పెద్దగా ఏమీ చెప్పవు.

దీనికన్నా ఎక్కువ కలవరపెట్టినది మరో సమస్య. "నేను చెప్పేది వాళ్లకి వినపడటం లేదు నాయనా, ఊరికే హలో హలో అని పెట్టేస్తున్నారు" అని అమ్మ రెండుమూడు సార్లు చెప్పింది. రిసీవరు పాతదైపోయిందేమోనని దాన్ని మార్చాను, ఫలితం లేదు. అసలు కారణం రూటరులో ఉంది. ఇంట్లోని పరికరాలన్నింటికీ బయటి లోకంలో ఒకే చిరునామా ఉంటుంది, లోపలి చిరునామాలు వేరు. సిప్ సందేశం లోపల కూడా, గొంతును ఏ చిరునామాకు పంపాలో రాసి ఉంటుంది. దాన్ని సరిదిద్దడానికని చాలా రూటర్లలో సిప్ ఏఎల్‌జీ అనే సదుపాయం పెడతారు. అది తరచు ఆ రాతను తప్పుగా మార్చి, గొంతు ఒక వైపే వెళ్లే పరిస్థితి తెస్తుంది, కొన్నిసార్లు వచ్చే కాల్స్ అసలు మోగకుండా చేస్తుంది. దాన్ని ఆపేయగానే అమ్మ మాట అవతలివారికి వినిపించింది. కొన్ని రూటర్లలో ఆ సదుపాయాన్ని ఆపే వీలే ఉండదు. ఇంటర్నెట్ కంపెనీ ఇచ్చిన రూటరునే వాడుతున్నవారు ఈ సంగతి ముందుగా కనుక్కోవాలి. చాలాసేపు మౌనంగా ఉన్న అడాప్టరును రూటరు మరచిపోయి, బయటి నుంచి వచ్చే కాల్‌ను లోపలికి పంపకపోవడం కూడా మామూలే. అర నిమిషానికి ఒకసారి చిన్న సందేశం పంపి దారి తెరిచి ఉంచే అమరిక దాదాపు అన్ని అడాప్టర్లలో ఉంటుంది. అది పనిచేసేలా పెట్టి ఉందో లేదో చూసుకోవాలి.

ఇక నేను అన్నింటికన్నా ఎక్కువగా ఆలోచించిన విషయం కరెంటు. రాగి తీగల ల్యాండ్‌లైన్‌కు మన ఇంటి కరెంటుతో పని లేదు. ఎక్స్ఛేంజిలోని బ్యాటరీల నుంచి 48 వోల్టుల విద్యుత్తు ఆ జంట తీగల మీదనే వచ్చి ఫోనును నడుపుతుంది. ఇంటర్నెట్ ఫోనుకు అడాప్టరు, రూటరు, ఫైబరు కనెక్షను అయితే దాని పెట్టె, ఈ మూడూ వెలుగుతూ ఉండాలి. ఏ ఒక్కటి ఆరిపోయినా ఫోను మూగబోతుంది. ఒంటరిగా ఉండే పెద్దవారి విషయంలో దీన్ని చిన్న సంగతిగా తీసుకోకూడదు. నేను మూడింటికీ కలిపి ఒక చిన్న బ్యాటరీ యూపీఎస్ పెట్టాను. అవి తక్కువ విద్యుత్తు తీసుకునే పరికరాలు కనుక కంప్యూటరుకు నిమిషాలు మాత్రమే ఆగే యూపీఎస్ వీటికి గంటల తరబడి ఆగుతుంది. అయినా దాన్ని మాటల్లో నమ్మకుండా, ఒక ఆదివారం మెయిను ఆపేసి, ఫోను ఎంతసేపు పనిచేస్తుందో గడియారం పెట్టి చూశాను. బ్యాటరీ ఏళ్లు గడిచేకొద్దీ బలహీనపడుతుంది కనుక ఆ పరీక్షను ఏటా చేయాలి. యూపీఎస్ ఖరీదునూ, కొన్నేళ్లకు ఒకసారి మార్చవలసిన బ్యాటరీ ఖరీదునూ కూడా మొదట చెప్పిన రెండేళ్ల లెక్కలో వేయాలి. అయితే ఇప్పటికే చాలాచోట్ల కంపెనీలు ల్యాండ్‌లైన్‌నే ఫైబరు మీదికి మార్చాయి. మీ ఇంటి ఫోను తీగ గోడ సాకెట్టులోకి వెళ్తోందా, రూటరు వెనుకకు వెళ్తోందా అని ఒక్కసారి చూడండి. రూటరులోకే వెళ్తుంటే, కరెంటు విషయంలో పాత లైనుకు మీరనుకుంటున్న బలం ఎప్పుడో పోయినట్టే.

అత్యవసర కాల్ సంగతి కూడా దీనికి ముడిపడి ఉన్నదే. పాత లైను ఒక ఇంటికి కట్టుబడి ఉంటుంది కనుక, నంబరునుబట్టే ఇల్లు తెలుస్తుంది. ఇంటర్నెట్ ఫోనును లోకంలో ఏ మూల తగిలించినా పనిచేస్తుంది కనుక, మనం కంపెనీ దగ్గర నమోదు చేసిన చిరునామానే సహాయ సిబ్బందికి అందుతుంది. కొన్ని చౌక సర్వీసుల్లో అత్యవసర నంబర్లకు కాల్ వెళ్లదు. ఆ విషయం ఒప్పందపత్రంలో చిన్న అక్షరాల్లో ఉంటుంది. అటువంటివాటిని ధర ఎంత తక్కువైనా నేను జాబితా నుంచి కొట్టేశాను. చిరునామా నమోదు చేసి, ఇల్లు మారినప్పుడు దాన్ని మార్చుకోవాలి. దీనికి తోడు, ఛార్జింగు నిండిన ఒక మొబైల్‌ను అమ్మ మంచం పక్కనే ఉంచుతున్నాము.

పాత ఫోనునే వాడవచ్చా అంటే, వాడవచ్చు. అడాప్టరు దానికి డయల్ టోనూ, గంట మోగడానికి కావలసిన విద్యుత్తూ తానే ఇస్తుంది. గుండ్రని డయల్ తిప్పే పాతకాలపు ఫోన్లు మాత్రం చాలా అడాప్టర్లతో నంబరు తిప్పలేవు, వచ్చే కాల్స్‌కు మోగుతాయి. గదిగదికీ తీగలు లాగి ఉన్న ఇంట్లో అడాప్టరును ఆ తీగలకే కలిపి అన్ని ఫోన్లనూ మోగించవచ్చు, కానీ బయటి నుంచి వచ్చే కంపెనీ లైనును ముందుగా పూర్తిగా విడదీయాలి. లేకపోతే ఎక్స్ఛేంజి నుంచి వచ్చే వోల్టేజీ అడాప్టరును పాడుచేస్తుంది. ఫ్యాక్సు, దొంగతనం హెచ్చరిక పెట్టెలు, మీట నొక్కితే సహాయం పిలిచే వైద్య పరికరాలు లైను మీద ఆధారపడి ఉంటే, వాటిని తయారుచేసినవారిని అడగకుండా లైను తీయవద్దు. గొంతు కోసం రూపొందిన మార్గంలో అవి పంపే సంకేతాలు అన్నివేళలా సరిగా చేరవు.

ఖాతా భద్రత గురించి ఒక మాట. సిప్ ఖాతాల పాస్‌వర్డులను ఊహించి, దూరదేశాల ఖరీదైన నంబర్లకు కాల్స్ చేసి డబ్బు కాజేసే మోసం చాలాకాలంగా జరుగుతోంది. ముందే డబ్బు వేసి వాడుకునే ఖాతా తీసుకుని, దానంతట అదే డబ్బు నింపుకునే అమరికను ఆపి, అవసరం లేని దేశాలకు కాల్స్ మూసివేస్తే, ఒకవేళ నష్టం జరిగినా ఖాతాలో మిగిలిన చిన్న మొత్తంతోనే ఆగిపోతుంది. అడాప్టరుతో వచ్చిన పాస్‌వర్డును మొదటిరోజే మార్చాలి.

చివరగా నంబరు మార్పిడి. దాని నియమాలు దేశాన్నిబట్టి మారతాయి, కొన్నిచోట్ల ల్యాండ్‌లైన్ నంబరును తీసుకువెళ్లే వీలే లేదు కనుక అది ముందుగా తెలుసుకోవాలి. వీలున్నచోట అందరికీ వర్తించే జాగ్రత్త ఒకటుంది. మార్పిడి పూర్తికాకముందు పాత లైనును రద్దు చేయమని ఎట్టి పరిస్థితిలోనూ కోరవద్దు. రద్దయిన నంబరు మనది కాకుండా పోతుంది, తిరిగి రావచ్చు, రాకపోవచ్చు. ఇంటర్నెట్ కూడా అదే రాగి తీగ మీద వస్తున్న ఇళ్లలో, లైను పోతే ఇంటర్నెట్టూ పోయి, కొత్త ఫోనుకు ఆధారమే లేకుండా పోయే ప్రమాదం ఉంది. ఆ కనెక్షనును ముందు విడిగా నిలబెట్టుకోవాలి. మా దరఖాస్తు మొదటిసారి తిరస్కరణకు గురైంది. బిల్లు ఇంకా నాన్నగారి పేరునే ఉండడం, దరఖాస్తు నా పేరున ఉండడం దానికి కారణం. లైనును అమ్మ పేరుకు మార్పించి, ఇంటి చిరునామాను బిల్లులో ఉన్నది ఉన్నట్టు అక్షరం తేడా లేకుండా రాసి పంపాక రెండోసారి అంగీకరించారు. ఈ వ్యవధి అంతటా కొత్త కంపెనీ ఇచ్చిన తాత్కాలిక నంబరు మీద ఫోనును నడిపి చూశాము. పైన రాసిన లోపాలన్నీ బయటపడి సరిదిద్దుకున్నది ఆ నంబరు మీదే కనుక, అసలు నంబరు వచ్చే వేళకు అమ్మకు ఇబ్బంది మిగలలేదు.

మార్పిడి జరిగిన రోజున వేర్వేరు నెట్‌వర్కుల నుంచి ఫోన్ చేయించి చూస్తే, కొన్ని కాల్స్ కొత్త అడాప్టరుకూ కొన్ని పాత లైనుకూ వచ్చాయి. అన్ని కంపెనీల పట్టికల్లోనూ మార్పు ఒకేసారి చేరదు. ఇది జరగవచ్చని ముందే చదివి ఉండడంతో పాత సాకెట్టుకు మరో ఫోను తగిలించే ఉంచాను. మూడో రోజు మధ్యాహ్నం తరువాత అది మళ్లీ మోగలేదు. మరో వారం ఆగి, చివరి బిల్లు కట్టి, లైను మూసివేసినట్టు రాతపూర్వకంగా తీసుకున్న కాగితాన్ని నాన్నగారి పాత బిల్లుల కట్టలోనే పెట్టాను.